ముర్రుపాలు పారబోయకండి!

కిందటి వేసవిలో గుడివాడ పక్క పల్లె నుంచి కాన్పుకు వచ్చిన అమ్మాయి అత్తగారు, కోడలి తొలిపాలు గుడ్డలోకి పిండేస్తూ నా కంటబడింది.

"అదేమిటమ్మా?" అన్నాను.

"ఇవి చెడ్డపాలండి డాక్టరుగారూ, బిడ్డకు అరగవు. మూడోరోజు దాకా తేనె నాకిస్తాం."

"గేదె ఈనితే జున్నుపాలు వాడంతా పంచుతారే! మనిషివి మాత్రం చెడ్డవా?" అన్నాను. నవ్వింది గానీ గుడ్డ వదల్లేదు.

ఆ చిక్కటి పసుపు పాలలో ఉన్నదేమిటో చెబుతాను. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్, అంతకు ఆరేళ్ల ముందే, 1922లో, లైసోజైమ్ అనే మాంసకృత్తిని లోకానికి చూపాడు. కన్నీటిలో, చీమిడిలో, తల్లిపాలలో ఉంటుందది. బాక్టీరియా గోడను కోసేస్తుంది. అయితే పసికందుల రక్తంలో చేరి ప్రాణం మీదికి తెచ్చే క్లెబ్సియెల్లా, ఇ.కోలై వంటి క్రిములకు గోడపైన మరో పొర ఉంటుంది. లైసోజైమ్ ఒక్కటీ దాన్ని దాటలేదు.

అక్కడే లాక్టోఫెర్రిన్ అందుకుంటుంది. ముర్రుపాలలో ఇది మరీ ఎక్కువ. క్రిమి బతకడానికి కావలసిన ఇనుమును అందకుండా లాక్కుంటుంది, పై పొరను వదులు చేస్తుంది. అప్పుడు లైసోజైమ్ లోపలికి దూరుతుంది. కొబ్బరికాయ పీచు ఒకడు వొలిస్తే, చిప్ప మరొకడు పగలగొట్టినట్టు! 1991లో అమెరికా పరిశోధకులు గాజు గొట్టాలలో పరీక్షించారు. విడివిడిగా వేస్తే క్రిమి పెరుగుదల మందగించింది, రెండూ కలిపితే చచ్చింది.

మందులకు లొంగని క్రిములు మాత్రను విరగ్గొట్టడమో, మాత్ర తగిలే చోటును మార్చుకోవడమో నేర్చుకుంటాయి. ఆ ఎత్తులు ఇక్కడ అంతగా పారవు, దెబ్బ రెండు మూడు వైపుల నుంచి పడుతుంది గనుక. అసలు పారవని మాత్రం అనను, క్రిములు గడుసువి.

ఒక్క హెచ్చరిక. బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, ఎగశ్వాస తీసినా తల్లిపాలే కాపాడతాయని కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అప్పుడు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లే దిక్కు. మందుల షాపులో అడిగి ఏదో సిరప్ పోయడం అన్నిటికంటె ప్రమాదం. తేనె ఏడాది నిండేవరకు వద్దు, అందులోని ఒక క్రిమి పసివాళ్ల నరాలను పడగొట్టవచ్చు.

ఆ అత్తగారికి ఇదంతా చెప్పడానికి అరగంట పట్టింది. ఆఖరికి "మరి ఇంత కొంచెమే వస్తున్నాయేమండీ?" అంది. తొలిరోజు బిడ్డకు ఒక్కోసారికి చెంచాడు చాలు. ఆపరేషను కాన్పయినా సరే, వీలైతే మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించండి.