కాయ మనది, పొట్టు ఎవరిది?

కోనసీమలో కాపురమంటే పచ్చడిలో కొబ్బరి, కూరలో కొబ్బరి, చుట్టాలు వెళ్ళేటప్పుడు సంచిలో కొబ్బరి. కాయ ఇంటికి వస్తుంది సరే, దాని డొక్క ఎక్కడికి పోతుందని నలభై దాటేవరకు నేను ఆలోచించలేదు. మా అమ్మ కాలంలో ఆ ప్రశ్నే లేదు. డొక్క తిన్నగా పొయ్యిలోకి పోయేది. వంటగ్యాసు వచ్చాక దానికి ఆ ఉద్యోగం ఊడింది.

2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో హైదరాబాదు బోయినపల్లి మార్కెట్టు సంగతి వచ్చింది. రోజూ మిగిలే పది టన్నుల కుళ్ళు కూరలతో గ్యాసు చేసి, 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారట. అది విన్న మా ఆవిడ, "మన అంబాజీపేట డొక్కలతో కూడా చేయరాదుటండీ?" అని అడిగింది. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి దీనికి జవాబెక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. చివరికి మొన్న వేసవిలో నా పాత విద్యార్థి నడుపుతున్న చిన్న పొట్టు కర్మాగారానికి వెళ్ళాను.

"వంకాయ వారంలో కుళ్ళుతుంది మాస్టారూ, పొట్టు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది," అన్నాడు. చెట్టుకు గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఇందులో ఇంచుమించు మూడోవంతు ఉందట. సూక్ష్మజీవులకు అది ఒక పట్టాన కొరుకుడు పడదు. పైగా కిలో పీచు తీస్తే రెండు కిలోల పొట్టు రాలుతుంది. పీచు లారీ ఎక్కుతుంది, పొట్టు గుట్టవుతుంది. వాన పడితే ఆ గుట్ట నుంచి కాఫీ డికాషను రంగు నీరు బోదెలోకి దిగుతుంది.

ఆ రంగు నాకు తెలుసు. మా పెదనాన్నగారి దొడ్డి చెరువు అలాగే పోయింది. పక్కనున్న మిల్లు వారు గట్టు వారగా పొట్టు పోశారు. రెండు వర్షాకాలాలయ్యేసరికి గేదె మూతి పెట్టి వెనక్కి తీసుకునేది. పెదనాన్నగారు వారితో మాట్లాడడం మానేశారు. అంతకు మించి ఆయన చేయగలిగిందీ లేదు. మిల్లు మూతపడింది, గుట్ట మాత్రం మిగిలింది.

ఇప్పుడు కొత్త పొట్టుకు ధర వచ్చింది. కడిగి ఉప్పు పోగొట్టి, ఆరబెట్టి, యంత్రంలో నొక్కి అయిదేసి కిలోల ఇటుకలు చేస్తున్నారు. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది గనుక నర్సరీల వారికి ఇది ఎంతో ఇష్టం. హాలెండులో అద్దాల ఇళ్ళలో టమాటాలు మట్టి లేకుండా దీనిమీదే కాస్తున్నాయి! మన డొక్క అంత దూరం ప్రయాణం చేస్తుందని మా అమ్మతో చెబితే నవ్వి ఊరుకునేది.

"కడిగిన నీళ్ళేం చేస్తున్నావోయ్?" అన్నాను.

కుర్రవాడు కొంచెం తడబడ్డాడు. గుంటలో తేర్చి కొబ్బరి చెట్లకే పెడుతున్నాడట. ఆ ఉప్పు నేలలో ఎంత చేరిందో మట్టి పరీక్ష చేయిస్తే గాని తెలియదనీ, ఇంతవరకు చేయించలేదనీ ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది, సమాధానం నచ్చలేదు. నెల లోపల చేయిస్తానని మాట ఇచ్చాడు.

తరువాత మా పెదనాన్నగారి చెరువు సంగతి చెప్పాను. ఆదివారం పార పట్టుకుని వచ్చాడు. మన్నూ కలుపు గింజలూ కలిసిన పాత పొట్టు ఇటుకకు పనికిరాదన్నాడు. దానికి ఇంకో దారి ఉంది: టన్ను పొట్టుకు అయిదు కిలోల యూరియా, అయిదు సీసాల పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి తడుపుతూ ఉంటే, లిగ్నిన్‌ను ఆ పుట్టగొడుగే తింటుంది. సుమారు రెండు నెలల్లో నల్లని ఎరువవుతుంది. అమ్మకానికి కాదు, తోటకు.

"విత్తనం నేను తెస్తాను, యూరియా మీరు తేవాలి మాస్టారూ," అన్నాడు.

45 కిలోల బస్తా కొన్నాను. తొమ్మిది టన్నులకు సరిపోతుంది. గుట్ట అంతకంటె పెద్దదే.