వీలునామాను కోర్టులో సవాలు చేయాలంటే: జంషెడ్‌పుర్ తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి ఉత్తరాంధ్ర నుంచి జంషెడ్‌పుర్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి పెద్ద మరణించారనుకుందాం. ఆయనకు జంషెడ్‌పుర్‌లో ఇల్లు, స్వగ్రామంలో పొలం ఉన్నాయి. కర్మకాండలు ముగిశాక, ఆస్తంతా తనకే రాశారంటూ కుమారుడు ఒక వీలునామా బయటపెట్టాడు. అప్పుడు కుమార్తె ఏం చేయగలదు?

వాటా దక్కలేదన్న కారణం ఒక్కటే చాలదు. స్వార్జితాన్ని ఇష్టమైనవారికి రాసే హక్కు తండ్రికి ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం తన వాటా వరకే రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం అందులో కుమార్తెకూ జన్మతః హక్కు ఉంది. అందువల్ల పొలం ఎవరి సంపాదనో ముందు తేల్చుకోవాలి.

వీలునామా ఎప్పుడు చెల్లదు?

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాపై రాసినవారి సంతకం లేదా వేలిముద్రతో పాటు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రాసే సమయంలో ఆయన స్థిరచిత్తంతో ఉండాలి. మోసంతోనో, బలవంతంగానో రాయించుకున్నది చెల్లదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు; రిజిస్టర్ అయినంత మాత్రాన అనుమానాలన్నీ తీరిపోవు.

నిరూపించాల్సింది ఎవరు?

వీలునామాను చూపినవారే. సాక్షి సంతకం చేసినవారిలో కనీసం ఒకరిని కోర్టులో విచారించాలి. రాసినవారి సంతకంపై సందేహం, మానసిక బలహీనత, అసహజమైన పంపకం, లబ్ధిదారుడే ముందుండి రాయించడం వంటి అనుమానాస్పద పరిస్థితులుంటే, వాటిని నివృత్తి చేసే బాధ్యత కూడా వారిదేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో 1958లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే మోసం, బలవంతం జరిగాయని ఆరోపించేవారు వాటిని తామే రుజువు చేయాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, మృతుడు నివసించిన జిల్లా కోర్టులో కోరవచ్చు. కుమార్తె అక్కడ కేవియట్ దాఖలు చేస్తే ఆమెకు నోటీసు ఇవ్వకుండా ముందుకు సాగరు. ఆమె అభ్యంతరం తెలిపితే విచారణ దావాలా నడుస్తుంది. ఆమెకు తెలియకుండా ఇప్పటికే ప్రొబేట్ మంజూరై ఉంటే, తగిన కారణం చూపి రద్దు కోరవచ్చు. సోదరుడు కోర్టుకే వెళ్లకపోతే ఆమె భాగపంపిణీ దావా వేయవచ్చు. అందులోనూ వీలునామాను నిరూపించాల్సింది అతడే.

జాప్యం చేస్తే కాలపరిమితి అడ్డొస్తుంది. తండ్రి చివరి రోజుల వైద్య పత్రాలు, బ్యాంకులోని పాత సంతకాలు, పొలం దస్తావేజుల నకళ్లను వెంటనే సేకరించుకుని న్యాయవాదిని సంప్రదించడం మేలు.