మూసలో విడిచిన ఖాళీ

ఇబ్రహీంపట్నము నుండి మంచాల మీదుగా తూర్పునకు సాగిన కొలది చెరువు క్రింది మాగాణి వెనుకబడి, నేల మెట్టయై, మెట్ట గుట్టలై పోవును. ఆ గుట్టల వరుసలోనే రాచకొండ దుర్గము ఉన్నది. 2016లో ఒక పోలీసు కమిషనరేటుకు ఆ కొండ పేరు పెట్టిన పిదప ఆ మాట ఈ ప్రాంతపు పిల్లల నోళ్ళలో కూడ నానినది. కాని ఆరువందల ఏండ్లకు పూర్వము ఆ కొండమీద కొలువుతీరిన ప్రభువు ఒకడు నాటకపాత్రలకు మూసలు కట్టినాడన్న సంగతి పాఠశాలలలో అంతగా వినబడదు.

ఆయన రేచెర్ల పద్మనాయక వంశమునకు చెందిన సర్వజ్ఞ సింగభూపాలుడు. 14వ శతాబ్ది ఉత్తరార్ధమునాటివాడు. ఆయన పేర వెలసిన "రసార్ణవసుధాకరము" మూడు విలాసముల సంస్కృత గ్రంథము. రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము అని వాటి పేర్లు. నాయకుడు ఎట్టివాడు, నాయిక ఎట్టిది, వారి ప్రక్కన నిలుచు సహాయులు ఎవరు అన్న విచారము మొదటి విలాసమున ఉన్నది. కత్తిపట్టి రాజ్యము చేయువానికి పాత్రల లెక్క ఎందుకని ఎవరికైనను తోచవచ్చును. కాని ఆయన "రత్నపాంచాలిక" అను నాటికను కూడ వ్రాసినవాడు. మూస కట్టినవాడే దానిలో ఒకసారి పోతపోసి చూచుకొన్నాడు.

ఆ పనియే నేడు వేరొక పేరుతో, వేరొక ప్రయోజనమునకై ప్రపంచమంతటను జరుగుచున్నది. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను చేపట్టి, కథను మాటలతోనే నడపుచు, సందేహము వచ్చినచోట పాచికలు వేసి ఫలితము తేల్చుకొను ఆట ఒకటి ఉన్నది. రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. తెలుగున పాత్రధారణ ఆట అనవచ్చును. రంగస్థలము లేదు, వేషము లేదు, కంఠస్థము చేయవలసిన పాఠము లేదు. ఒకరు సూత్రధారియై పరిసరమును వర్ణింతురు. తక్కినవారు తమ పాత్ర ఏమిచేయునో చెప్పుదురు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు వెలువరించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఈ జాతి ఆటలకు మొదటిది. అందు పాత్రలకు తొలుత మూడే తరగతులు: యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు. దొంగ మరుసటి యేట అనుబంధ గ్రంథములో వచ్చి చేరినాడు. దొంగ లేనిదే కథ రక్తికట్టదని మన శూద్రకుడు ఏనాడో ఎరుగును.

ఆ ఆటలో ప్రతి పాత్రకును ఆరు గుణములు ఉండును: బలము, బుద్ధి, వివేకము, దేహదార్ఢ్యము, చురుకుదనము, ఆకర్షణ. తొలినాటి పద్ధతిలో ఒక్కొక్క గుణమునకు మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తమును కాగితముపై వ్రాసికొనవలెను. కనిష్ఠము 3, గరిష్ఠము 18, సగటు పదిన్నర. మూడు పాచికలు 216 విధములుగా పడవచ్చును. అందు 18 వచ్చునది ఒక్క విధమే. సంభావ్యత బోధించు లెక్కల ఉపాధ్యాయుడు ఇంతకంటె మంచి ఉదాహరణము వెదుకనక్కరలేదు. అయితే ఇట్లు పుట్టిన పాత్ర అంకెల మూటయే గాని మనిషి కాదు. కొత్తగా ఆటకు వచ్చినవాడు ఆ అంకెలను చూచి, తానెవరో తెలియక తెల్లమొగము వేయును.

ఈ చిక్కునకు విరుగుడు మూస. ఆటలవారు దానిని టెంప్లేట్ అందురు. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ అను అమెరికా సంస్థ "స్టార్ వార్స్" చలనచిత్రముల ఆధారముగా వెలువరించిన ఆట దీనికి మంచి నిదర్శనము. అందు 24 మూసలు ఉన్నవి. ప్రతి కాగితముమీదను గుణముల అంకెలు ముందే నింపి యుండును. వాటి మొత్తము 18 పాచికలు. ఆడువాడు తనకిష్టమైన నేర్పులకు మరి 7 పాచికలు పంచుకొన్నచో పని ముగిసినది. విశేషము మాత్రము అంకెలలో లేదు. పాత్ర గతమేమి, స్వభావమేమి, దగ్గరనుండు సామాను ఏది, తక్కిన పాత్రలతో ఎట్టి సంబంధము ఉండదగును అన్న సంగతులు కూడ అందు వ్రాసియుండును. పేర్లలోనే కథ ఉన్నది. ఒక మూస పేరు "మాటపెగలని ఇంజనీరు". ఇంజనీరు అనగానే వృత్తి తెలిసినది. మాట పెగలదనగానే మనిషి కనబడినాడు. యంత్రములు వానికి లొంగును, మనుషులు లొంగరు. నిండుసభలో నోరు విప్పవలసిన ఘట్టము వచ్చినచో వాడేమి చేయునో చూడవలెనని ఆడువానికి ఉబలాటము పుట్టును.

ఈ రెండు మాటల కూర్పు మన శాస్త్రకారులకు కొత్త కాదు. నాయకులు నలుగురు: ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. పరీక్షలకై ఈ పేర్లు వల్లించిన విద్యార్థులు వేలకొలది ఉందురు గాని, అందులోని పనితనమును గమనించినవారు అరుదు. ధీరత్వము నలుగురికిని సమానము. అది లేనివాడు నాయకుడే కాడు. తేడా అంతయు రెండవ మాటలో ఉన్నది. శ్రీరాముడు ఉదాత్తుడు, వత్సరాజు లలితుడు, చారుదత్తుడు శాంతుడు, పరశురాముడు ఉద్ధతుడు. నలుగురిని ఒకే ఆపదలో నిలబెట్టినచో నలుగురును వెనుదీయరు. కాని నలుగురును నాలుగు విధముల నడచుకొందురు. ఉమ్మడి పునాది ఒకటి, వేరుచేయు గుణము ఒకటి. మంచి మూసకు ఇంతకు మించిన సూత్రము లేదు.

అయితే శాస్త్రమునకు లెక్కల పిచ్చి కూడ ఉన్నది. నాయికల విషయమున అది బయటపడినది. స్వీయ పదమూడు విధములు, పరకీయ రెండు, సామాన్య ఒకటి, వెరసి పదునారు. వీరిని ఎనిమిది అవస్థలచే హెచ్చింపగా 128. ఉత్తమ, మధ్యమ, అధమ భేదములచే మరల హెచ్చింపగా 384. విశ్వనాథుని "సాహిత్యదర్పణము"లో, భానుదత్తుని "రసమంజరి"లో ఈ లెక్క కనబడును. హెచ్చవేతకు తప్పు లేదు గాని, హెచ్చవేతచే మనుషులు పుట్టరు. ఇన్ని గదులు కట్టినను శకుంతల ఏ గదిలోను పూర్తిగా ఇమడలేదు. ఆశ్రమములో తలవంచుకొన్న బాలికయే నిండుకొలువులో రాజును నిలదీసినది. నేటి ఆటలు కట్టువారిలోను తరగతులపై ఉపతరగతులు పేర్చి, వందలకొలది మూసలు అచ్చువేసి, అదే సంపద అనుకొనువారు ఉన్నారు. ఆడువానికి కావలసినది ఒక్క కాగితము.

మూస ఎక్కడ ప్రాణము పోసికొనునో తెలిసికొనుటకు విదూషకుని చూడవలెను. ఆయనది సంస్కృత నాటకములన్నిటిలోను అత్యంత స్థిరమైన మూస: బ్రాహ్మణుడు, నాయకుని చెలికాడు, తిండిపోతు, నవ్వించువాడు, ప్రాకృతము మాటలాడువాడు. "మృచ్ఛకటికము"లో మైత్రేయుడు ఈ లక్షణములన్నిటిని పాటించినవాడే. కాని చారుదత్తుడు దరిద్రుడైన పిదప విందులు లేవు. తిండిపోతునకు ఆ ఇంట పనియేమి? మైత్రేయుడు వెళ్ళిపోలేదు. ఈ ఒక్క నిర్ణయముతో మూస మనిషియైనది. తరువాతి కథ అంతయు దీనినుండియే పారినది. నిద్రలో కలవరించుచు, నగల పెట్టెను కన్నమువేసి వచ్చిన శర్విలకుని చేతికే అందించినాడు. చివరకు న్యాయస్థానములో స్నేహితునిపై నింద మోపిన శకారుని చూచి కోపము పట్టలేక కలియబడినాడు. ఆ పెనుగులాటలో అతని ఒంటినుండి నగలు జారిపడినవి. అవే చారుదత్తుని పట్టియిచ్చిన సాక్ష్యమైనవి. స్నేహమే ఉరికంబమునకు దారితీసినది. ఈ సంగతి ఏ లక్షణ గ్రంథములోను వ్రాసి లేదు, వ్రాయుటకు వీలును లేదు. శాస్త్రము చెలికాడన్నంతవరకే చెప్పి ఊరకున్నది. ఎంతటి చెలికాడన్నది శూద్రకుడు నింపుకొన్నాడు.

పాత్ర అను మాటకు తెలుగున గిన్నె అనికూడ అర్థమున్నది గదా! అంచువరకు ముందే నింపియిచ్చిన గిన్నెలో ఎవరును ఏమియు పోయలేరు.

మూసలకు ఇంకొక దోషమున్నది, అది పెద్దది. సింగభూపాలుడు నాయకునికి చెప్పిన గుణముల పట్టికలో ఔదార్యము, స్థైర్యము, దక్షత, కృతజ్ఞత, ప్రజారంజకత్వము వంటివాటి నడుమ కులీనత్వము కూడ ఉన్నది. తక్కినవి సాధించుకొనదగిన గుణములు. ఇది పుట్టుకతో వచ్చునది. గొప్ప ఇంట పుట్టనివాడు ఎంత స్థిరుడైనను, ఎంత ఉదారుడైనను ఆ మూసలో నాయకుడు కాలేడు. ఇది మన దేశమునకే పరిమితమైన జాడ్యమని అనుకొనరాదు. 1974 నాటి అమెరికా ఆటలో మరుగుజ్జు జాతివాడు యోధుడు తప్ప మరొకటి కారాదు. అందును ఆరవ మెట్టు దాటరాదు. 1978 నాటి నియమ గ్రంథములో స్త్రీపాత్ర బలమునకు పురుషుని బలముకంటె తక్కువ హద్దు గీసినారు. రాక్షసులు ఎగురు లోకమున ఎవరైనను మంత్రము వేయవచ్చును గాని, ఆడుది మగవానితో సమానముగ బరువెత్తరాదట! దిద్దుబాటు మెల్లగా జరిగినది. 2024 నాటి కొత్త కూర్పులో జాతి అను మాటనే తొలగించినారు. గుణములలో అదనపు అంకెలు పుట్టుకను బట్టిగాక పాత్ర పెరిగిన పరిస్థితులను, చేసిన పనిని బట్టి వచ్చునట్లు మార్చినారు.

తెలుగున ఈ దిద్దుబాటును గురజాడ అప్పారావు నూరేండ్లకు పైగా ముందే చేసి చూపినాడు. శాస్త్రప్రకారము మధురవాణి సామాన్య నాయిక. ధనమే ఆమె ధ్యేయము కావలెను. 1909 నాటి "కన్యాశుల్కము" రెండవ కూర్పులో ఆమె ధనము మాట ఎత్తక, లుబ్ధావధాన్లను కాపాడు మార్గము సౌజన్యారావు పంతులు చేతిలో పెట్టినది; ప్రతిఫలముగా తానడిగిన ముద్దును తానే కాదన్నది. ఆమె వృత్తిని గురజాడ దాచలేదు, దానిని చూచి లోకము వేయు నిందను దాచలేదు. ఆ వృత్తి ఆమెను నొక్కిపట్టు బరువుగా నిలిచినది గాని, ఆమె శీలమునకు కొలత కాలేదు. మూసలు కట్టువారు నేర్వవలసిన మెలకువ ఇక్కడ ఉన్నది.

ఇబ్రహీంపట్నము విద్యార్థులకు ఇట్టి ఆట కట్టవలెనన్నచో పరదేశపు సర్పములు, కోటలు అక్కరలేదు, చెరువు ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలినవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నవాడు. ఆ కాలమున ఒక వానకాలపు రాత్రిని కల్పించుకొనవచ్చును. అలుగు నిండుగా పారుచున్నది. కట్ట అడుగున ఒకచోట నీరు ఊరుచున్నది. తూములు ఎత్తినచో కట్టమీది బరువు కొంత తగ్గును గాని, క్రింద పొట్టకు వచ్చిన వరి మునుగును. ఎత్తనిచో కట్ట తెగవచ్చును. కట్టమీద ఐదుగురు: తూము కాచు నీరటి, మట్టిపని తెలిసిన వడ్డెర పెద్ద, ఆ ఊరిలో ఆట కట్టవచ్చిన చిందు భాగవతుల కళాకారిణి, ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోసుకొని పోవుచు వానకు నిలిచిపోయిన లంబాడి వర్తకుడు, పొలముల లెక్క వ్రాయు కరణము.

అందరికిని గుణములు ఆరే, మొత్తము 18. నీరటికి బలము 3, చురుకు 2, తెలివి 3, ఓర్పు 4, మాటనేర్పు 2, చూపు 4. చిందు కళాకారిణికి బలము 2, చురుకు 4, తెలివి 3, ఓర్పు 3, మాటనేర్పు 4, చూపు 2. నీరటి చీకటిలో నీటిమట్టము కనిపెట్టగలడు. కళాకారిణి భయపడిన జనమును ఒక్క గొంతుతో నిలపగలదు. కరణమునకు మొత్తము 18 గాక 22 ఇచ్చినచో ఆట అప్పుడే చెడినది.

నీరటి పని ఆనాడు తండ్రినుండి కొడుకునకు వచ్చునదే. కట్టమీద ఎవరి మాటకు ఎంత విలువయన్నది కూడ పుట్టుకయే నిర్ణయించినది. ఈ సత్యమును కాగితమునుండి చెరిపివేసినచో చరిత్రను పిల్లలకు అబద్ధముగా చెప్పినట్లగును. దానిని అంకెగా మార్చినచో ఆ అన్యాయమునే మరల బోధించినట్లగును. కనుక నీరటి కాగితముపై తెలివి తగ్గించరాదు. "నీవు చెప్పినదే కరణము చెప్పినచో జనము వెంటనే నమ్ముదురు" అని వ్రాయవలెను. అప్పుడు ఆడు విద్యార్థి ఆ బరువును తన భుజముపై ఎరుగును. కరణము పాత్ర ఆడువాడు కూడ తన మాట ఎందుకు చెల్లుచున్నదో ఆలోచించును.

తక్కిన కాగితము క్లుప్తముగా ఉండవలెను. సామాను: పార, గొంగడి, కాగడా. సంబంధము: వడ్డెర పెద్ద చేతిపనిపై గురి. ఇబ్బంది: అక్కకు ఇచ్చిన మడి తూము క్రిందనే ఉన్నది. ఇక్కడ కలము ఆపవలెను. "పిరికివాడు" అనిగాని "త్యాగశీలి" అనిగాని చేర్చినచో ఆ రాత్రి చేయవలసిన నిర్ణయమును రచయితయే చేసినట్లు. విద్యార్థికి పాచికలు విసరు పని తప్ప ఏమియు మిగలదు.

కాగితము సరిగా కుదిరినదో లేదో తెలిసికొను ఉపాయము తేలిక. ఒక వారము నీరటి పాత్రను ఒక విద్యార్థికిచ్చి, మరుసటి వారము అదే కాగితమును మరొకరికి ఇవ్వవలెను. మొదటివాడు తూము ఎత్తి, రెండవ పిల్ల ఎత్తక జనమును కట్టకు మట్టిమోయ పిలిచినచో దానిని అట్లే ఉంచుకొనవచ్చును. తరగతిలోని నలుగురైదుగురు వరుసగా ఒకే పని చేసినచో అక్క మడిని గూర్చిన వాక్యమును కొట్టివేసి, మరొక ఇబ్బందిని ఆలోచింపవలెను.