మున్నేటి ఒడ్డున ఇంటి జాగా

2024 సెప్టెంబరు 1న ఖమ్మం దగ్గర మున్నేరు 36 అడుగులు దాటి పారింది. అక్కడ రెండో ప్రమాద హెచ్చరిక 24 అడుగులకే ఇస్తారు. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాశ్‌నగర్ కాలనీలు నీట మునిగాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. అంతకు ముందటి ఏడాది జులైలోనూ ఏటి ఒడ్డు కాలనీలకు ముంపు తప్పలేదు.

పాకాల వైపు నుంచి వచ్చే మున్నేరు ఖమ్మానికి ఎగువన ఆకేరును కలుపుకుంటుంది. రెండు ఏర్ల పరీవాహకంలోనూ ఒకే రాత్రి వాన దంచితే ఆ నీరంతా పరుచుకోవడానికి పల్లం కావాలి. ఇళ్లు లేచింది ఆ పల్లంలోనే. మెరక మీద గజం ధర కూలి చేసుకునే కుటుంబానికి అందదు, ఏటి పక్కన అందుతుంది. ప్లాటు చూసేది ఎండాకాలంలో. అప్పుడక్కడ కనిపించేవి చదును చేసిన నేల, తెల్లరంగు వేసిన హద్దురాళ్లు మాత్రమే. కష్టార్జితమంతా పెట్టి కొన్నవాళ్లను ఆక్రమణదారులని ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

చట్టంలో గీతలు లేకపోలేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, పట్టణం వెలుపల 100 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్. చెరువు నిండి అలుగు పారే మట్టంలో నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్. ఆ గీత లోపలి శిఖం భూముల్లో పట్టాలున్నవీ ఉంటాయి. నీళ్లు తీశాక సాగు చేసుకునే హక్కు ఇళ్లు కట్టే హక్కు కాదు, కానీ వెంచర్లలో ఆ తేడా చెరిగిపోతోంది.

2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. నదీ ప్రవాహ మార్గాలను, వరి పొలాలను, సాగునీటి కోసం తవ్విన చెరువులను వాటి పరిధి నుంచి తప్పించారు. తెలంగాణలో నీటిని పట్టి ఉంచేవి ఎక్కువగా సాగు చెరువులే కాబట్టి భారమంతా బఫర్ మీదే పడుతోంది. నదికి యాభై మీటర్ల కొలత కూడా చాలదు. మున్నేటి వరద ఆ హద్దు దాటి ఎంతో దూరం వస్తుందని రెండేళ్లు వరసగా రుజువైంది.

ఇళ్లకు వేరే జాగా వెతకాలంటే భద్రాచలంలో చిక్కు ఇంకా గట్టిది. ఊరికి ఒక పక్క గోదావరి. 2014 విభజనతో ఎటపాక, పురుషోత్తపట్నం వంటి చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. పైగా ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. ఆదివాసీలకు ఆ రక్షణ ఉండి తీరాలి. ఇళ్ల కొరత పేరుతో దాన్ని సడలిస్తే ఒకరి ముంపును ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే.

అక్కడ 1986లో గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. మూడో హెచ్చరిక 53 అడుగులు. కరకట్ట నదిని ఆపుతుంది, కానీ నది పెరిగినప్పుడు కట్టలోని స్లూయిజ్‌లు మూసేయాలి. అదే సమయంలో ఊళ్లో వాన పడితే ఆ నీటికి దారి ఉండదు. రామాలయం చుట్టుపక్కల వీధుల్లో నిలిచిన నీటిని మోటార్లతో కట్ట అవతలికి తోడాల్సిందే. ఊళ్లోని పల్లపు జాగాలు ఖాళీగా ఉంటే ఆ నీరు కాసేపు అక్కడ ఆగుతుంది. అవి పూడితే ఇళ్లలోకి వస్తుంది.

మున్నేటికి ఇరువైపులా దాదాపు రూ.690 కోట్లతో తలపెట్టిన రిటైనింగ్ వాల్‌కూ ఈ పాఠం వర్తిస్తుంది. గోడ వెనక భద్రంగా ఉందని మిగిలిన పల్లం కూడా ప్లాట్లయితే ఖమ్మానికీ మోటార్లే దిక్కవుతాయి. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నగరం ఇందుకు ఎదురు దారి పట్టింది. వాల్ నది ఇరుకైన చోట కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, సుమారు 50 ఇళ్లు తొలగించి, నదికి రెండో పాయ తవ్వింది. నది ఉత్తరాన కొత్త నివాస ప్రాంతాన్నీ పెంచుకుంటోంది.

2022 వరద తర్వాత భద్రాచలం ముంపు బాధితులకు ఎత్తయిన చోట కాలనీలు కడతామని, రూ.1,000 కోట్లు కేటాయిస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అలాంటి కాలనీలకు క్రమం ఇలా ఉండాలి: ముందు వరద గీతను సర్వే నంబర్లతో సహా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి చేర్చాలి, ఆ తర్వాత మెరకలో ప్రభుత్వ భూమిని రోడ్డు, తాగునీరు, బస్సుతో సిద్ధం చేసి పేదలకు ఇవ్వాలి. పనికి పోయిరావడానికి వీలైనంత దగ్గరలో ఆ జాగా దొరకకపోతే ఖాళీ చేయించిన కాలనీ మళ్లీ నిండుతుంది.