పెద్దవారిలో మతిమరుపు – మెదడులోని వాపు

ఇంట్లో అవ్వో తాతో అడిగిందే పదిసార్లు అడిగితే "వయసైపోయింది, అంతేలే" అని ఊరుకుంటాం. వయసుతో కొంత మరుపు సహజమే. కానీ తెలిసిన దారి తప్పిపోవడం, చిల్లర లెక్క తెలియకపోవడం, ఇంటివాళ్ళను గుర్తుపట్టలేకపోవడం జబ్బు లక్షణాలు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్ వ్యాధి.

వాపు ఎలా వస్తుంది?

కాలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడి వాస్తుంది. రక్షణ కణాలు సైటోకైన్లు అనే ప్రోటీన్లను వదిలి తోటి కణాలను సాయానికి పిలుస్తాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 ఇలాంటివే. ముల్లు తీసేస్తే వాపు తగ్గుతుంది.

మెదడులోనూ మైక్రోగ్లియా అనే కాపలా కణాలున్నాయి. చెత్తను శుభ్రం చేయడం వాటి పని. అల్జీమర్స్‌లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ మెదడులో పేరుకుపోతుంది. ఈ ముల్లు ఊడిరాదు. అందుచేత కాపలా కణాలు ఏళ్ళ తరబడి సైటోకైన్లను వదులుతూనే ఉంటాయి. దానివల్ల నరాల కణాల మధ్య సంబంధాలు దెబ్బతిని, క్రమంగా ఆ కణాలు చనిపోతాయి. పార్కిన్సన్ (వణుకుడు) వ్యాధిలోనూ ఇలాంటి వాపు కనిపిస్తుంది.

ఒంట్లో ఇన్ఫెక్షన్ వస్తే ఆ సంకేతం మెదడుకూ చేరుతుంది. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఇలాంటి జబ్బులు వచ్చిన అల్జీమర్స్ రోగుల్లో ఆరు నెలల్లో జ్ఞాపకశక్తి రెండింతలు వేగంగా తగ్గింది.

మాత్ర వేస్తే సరిపోదా?

సరిపోదు. వాపు తగ్గించే నొప్పి మాత్రలను పరీక్షించారు, మతిమరుపుకు పనిచేయలేదు. ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలుగుతాయి. పైగా టి.ఎన్.ఎఫ్. మనకు శత్రువు కాదు. ఊపిరితిత్తుల్లో క్షయ క్రిమిని కదలకుండా కట్టడి చేసేది కూడా అదే. దాన్ని అణచే మందులు వాడినవారిలో దాగి ఉన్న క్షయ తిరగబెట్టింది. క్షయ శానిటోరియంగా పేరుపొందిన ఆరోగ్యవరం పక్కనే ఉన్న మనకు ఆ జబ్బు సంగతి చెప్పనక్కరలేదు.

మీరు చేయవలసినవి

1. బి.పి., షుగర్ అదుపులో ఉంచండి. పొగతాగడం మానిపించండి.
2. రోజూ కొంతసేపు నడిపించండి. చెవుడు ఉంటే పరీక్ష చేయించండి.
3. పళ్ళు, చిగుళ్ళు శుభ్రంగా ఉంచండి.
4. ఒకటి రెండు రోజుల్లోనే అకస్మాత్తుగా తికమకపడినా, మగతగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. జ్వరం లేకపోయినా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. చికిత్సతో చాలామంది తేరుకుంటారు.

పిల్లలు బెంగుళూరులో పనులకు వెళ్ళగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఒంటరిగా ఉన్న పెద్దలు చాలామంది. ఫోనులో మాట తడబడితే, ఆ రోజే పక్కింటివారిని పంపి చూడమనండి.