ఒకే నావ, మూడు పాఠములు

మన గ్రామములలో పురాణకాలక్షేపము చేయువారు ఒకే కథను సమయమును బట్టి ఒక రాత్రిలో ముగించుటయు, పది రాత్రులు సాగించుటయు పెద్దలెరిగిన విషయమే. ఒక్క రాత్రిలో ముగింపవలసి వచ్చినపుడు పౌరాణికుడు అరణ్యవాసమును కుదించును, వర్ణనలను దాటవేయును. యుద్ధమును మాత్రము విడువడు. కథ చెడదు గాని, విన్నవాని మనస్సున నిలుచునది మారును. చలనచిత్రములందును ఇట్టిది కలదు. తీసినవారే తమ చిత్రమును రెండు మూడు విధములుగా కూర్చి లోకమునకు చూపుచుందురు. అట్టివానిలో మిక్కిలి పేరుపొందినది జర్మను జలాంతర్గామి కథయైన ‘దాస్ బోట్’. ఆ మాటకు ‘ఆ నావ’ అని అర్థము. దాని పాఠాంతరములను పోల్చి, కొలత మారినపుడు యుద్ధమును గూర్చిన భావము ఎట్లు మారునో విన్నవించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, లోథార్-గుంథర్ బుఖ్‌హైమ్ అను జర్మను యుద్ధవిలేఖరి యు-96 అను జలాంతర్గామిలో ప్రయాణము చేసెను. ఆ అనుభవము నాధారము చేసికొని 1973లో ఒక నవలను ప్రకటించెను. దానిని వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ (1941–2022) అను దర్శకుడు పశ్చిమజర్మనీలో చిత్రముగా నిర్మించెను. అది 1981లో విడుదలయ్యెను. యుద్ధమున యు-96ను నడపిన కెప్టెను లేమన్-విల్లెన్‌బ్రోక్ ఆ చిత్రమునకు సలహాదారుగా నుండెను. అమెరికాలో ఆస్కారు బహుమానములకు ఆరు విభాగములలో దాని పేరు ప్రతిపాదింపబడెను.

జలాంతర్గామి లోపల ఎట్లుండునో ఎరిగిననే గాని ఈ చిత్రముయొక్క బలము తెలియదు. విశాఖపట్టణపు సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న ‘కుర్సురా’ అను మన నౌకాదళపు జలాంతర్గామిని చూచినవారు మీలో కొందరుందురు. లోపల నడచునపుడు ఇరువైపుల గొట్టములు, చక్రములు, మీటలు భుజములకు తగులుచుండును. ఆ కుర్సురా పొడవు 91 మీటర్లు. ఈ కథలోని జర్మను నావ పొడవు 67 మీటర్లు మాత్రమే. అందు సుమారు 50 మంది వారముల తరబడి బ్రదుకవలెను. పడకలు చాలవు గనుక ఒకడు కాపలాకు లేచిపోగానే మరియొకడు వచ్చి అదే పడకపై పరుండును. మరుగుదొడ్లు రెండుండగా ఒకదానిని ఆహారపదార్థములతో నింపివేయుదురు.

ఆ నావ నీటిపై డీసెలు ఇంజనులతోను, నీటిలోపల బ్యాటరీల విద్యుత్తుతోను నడచును. బ్యాటరీల శక్తి తరిగినపుడు పైకి రాక తప్పదు. పైన శత్రువు కాచుకొని యుండును. శత్రునౌకలు నీటిలోనికి జారవిడుచు పేలుడు పీపాలు దాపున పేలినచో ఉక్కు గోడలు చిట్లును. వానిని తప్పించుకొనుటకు లోతునకు దిగినచో నీటి ఒత్తిడికి నావ మూలుగును. మరలు ఊడి తుపాకిగుండ్లవలె ఎగురును. ఛాయాగ్రాహకుడైన యోస్ట్ వకానో చిన్న కెమెరాను చేతబట్టి, తలకు శిరస్త్రాణము ధరించి, ఆ యిరుకుదారిలో నటులవెంట పరుగెత్తి దీనినంతయు చిత్రించెను. చాలవరకు కథాక్రమముననే చిత్రీకరణము సాగుటచే నటుల గడ్డములు నిజముగనే పెరిగినవి. ఎండ తగులక ముఖములు నిజముగనే పాలిపోయినవి.

ఇక పాఠములు మూడెట్లైనవో చెప్పవలెను. చిత్రనిర్మాణమునకైన వ్యయములో జర్మను టెలివిజను సంస్థలు భాగము వహించినవి. అందుచే మొదటినుండియు సినిమాశాలకొకటి, ఇంటిలో చూచుటకొకటి అని రెండు తీరులుగా దానిని సంకల్పించిరి. 1981లో శాలలందు ప్రదర్శించినది 149 నిమిషముల చిత్రము, అనగా సుమారు రెండున్నర గంటలు. టెలివిజనుకై కూర్చినది దాదాపు ఐదు గంటలు. దానిని 1984లో ఇంగ్లండులో ఆరు భాగములుగను, 1985లో జర్మనీలో మూడు భాగములుగను ప్రసారము చేసిరి. 1997లో పీటర్సన్ తానే మరల పూనుకొని, ధ్వనిని క్రొత్తగా కూర్పించి, 208 నిమిషముల పాఠమును సిద్ధపరచెను. 2004లో టెలివిజను పాఠమునందలి పూర్వకథాసంగ్రహములను తీసివేసి, 293 నిమిషముల ఏకచిత్రముగా వెలువరించిరి. కాబట్టి చూడదగినవి చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు.

కథ అన్నింటను ఒకటే. 1941 శరత్కాలమున, జర్మనుల యధీనముననున్న ఫ్రాన్సుదేశపు లారోషెల్ రేవునుండి నావ బయలుదేరును. కెప్టెనుకు ముప్పదేండ్లే, అయినను నావికులతనిని ‘ముసలాయన’ యందురు. తక్కినవారిలో పెక్కురు మీసములు కూడ సరిగా రాని పిల్లవాండ్రు. వారములు గడచినను శత్రువు కానరాడు. తుపాను వచ్చును. పిమ్మట ఓడల గుంపొకటి కనబడును, టార్పీడోలు వదలుదురు, వెంటనే శత్రునౌకలు తరిమి, గంటల తరబడి పేలుడు పీపాలు కురిపించును. తరువాత జిబ్రాల్టరు జలసంధిని దాటబోయి దెబ్బతిని, నావ 280 మీటర్ల లోతున సముద్రపు టడుగును తాకి నిలుచును. అచ్చట చీకటిలో, చాలీచాలని గాలిలో, మరమ్మతులు చేసికొని పైకి వత్తురు. ప్రాణములతో రేవు చేరినవారిపై అచ్చటనే విమానముల బాంబులు పడును. కెప్టెను తన నావ మునిగిపోవుచుండగా చూచుచు ప్రాణము విడుచును.

చిన్న పాఠమున ఈ సంఘటనలు వెంటవెంటనే వచ్చును. చూచువాడు ఊపిరి బిగబట్టి కూర్చుండును. భయము తెలియును, సాహసము తెలియును. కాని ఆ భయము ఎవరిదో పూర్తిగా తెలియదు. ముఖములు పరిచయమగుటకు ముందే ప్రమాదము వచ్చి పడును.

పెద్ద పాఠమున అధికముగ నున్నది పోరాటము కాదు, నిరీక్షణము. ఏమియు జరుగని దినములు, బూజుపట్టిన రొట్టెలు, మోటు పరిహాసములు, ఇంటిమాటలు, తడి యారని బట్టలు, అకారణపు కోపములు – వీనికి అందు చోటు కలదు. ఫ్రాన్సులో తాను వరించిన పిల్లను తలచుకొని బెంగపడు నావికుడొకడు, రోగియైన భార్యకొరకు తపించు ఇంజనీరొకడు మనకు బంధువులవలె పరిచితులగుదురు. ఇంజను గదిలోని జోహాన్ అను పాతకాపు పేలుళ్లకు మతి చలించి పని విడిచి వచ్చిన ఘట్టమునే తీసికొనుడు. చిన్న పాఠమున అది ఒక ఉద్రేకపు దృశ్యము. పెద్ద పాఠమున అదే దృశ్యము, మనము చిరకాలముగా నెరిగిన మనుష్యుడు కన్నులయెదుట విరిగిపోవుటగా తోచును. యుద్ధమన నూరు దినముల విసుగునకు ఒక గంట భయమని సైనికులు చెప్పుట కలదు. ఆ విసుగును చూపినగాని ఆ గంటకు విలువ తెలియదు.

నడిమి పాఠము ఈ రెండింటి గుణములను కొంతకొంత గ్రహించినది. మనుష్యులను పరిచయము చేయుటకు వలసినంత వ్యవధి యిచ్చి, నడకను మందగింపనీయదు. నావ మూలుగు, నీటిలోనుండి శత్రునౌక పంపు శబ్దతరంగము టింగుటింగున గోడకు తగులుట మొదలగు ధ్వనులు ఇందు మిక్కిలి స్పష్టముగా వినబడును.

ఈ భేదములు రుచిభేదములు మాత్రమే కావని తెలిసికొనుటకు నవలాకర్తయైన బుఖ్‌హైమ్ చేసిన ఆక్షేపణ సాయపడును. 1981లో వచ్చిన చిత్రమును చూచి ఆయన సంతోషింపలేదు. తన యుద్ధవిముఖమైన రచనను అమెరికా సాహసచిత్రమువలెను, యుద్ధకాలపు జర్మను ప్రచారచిత్రమువలెను మార్చిరని నిందించెను. ఆ మాట కఠినమే. ఏలననగా ఏ పాఠమునందును ఈ చిత్రము హిట్లరును కీర్తింపదు. కెప్టెనుకు ప్రభువుల ప్రగల్భములయందు విశ్వాసము లేదు. ఆ సిద్ధాంతమును నమ్మిన యువాధికారి నావలో ఒంటరివాడు. అయినను నిరీక్షణమును కోసివేసి పోరాటమును మాత్రము వరుసగా పేర్చినచో, చూచువాడు తెలియకయే నావవారి పక్షమున చేరి, టార్పీడో తగులవలెనని కోరుకొనును. ఆక్షేపణకు కొంత సమాధానము పెద్ద పాఠమున దొరకును. అందు యుద్ధము విజయపరంపర కాక, మనుష్యులను నెమ్మదిగా నమలు యంత్రముగా కనబడును.

కాని ఎంత పెంచినను ఏ పాఠమునను పూరింపబడని లోటొకటి కలదు. చిత్రారంభమున తెరపై ఒక లెక్క కనబడును: జర్మను జలాంతర్గాములలో 40,000 మంది పనిచేయగా 30,000 మంది తిరిగి రాలేదని. అది కంట తడిపెట్టించు లెక్క. అయితే ఆ టార్పీడోలు తగిలిన వర్తకపుటోడలలో నెవరుండిరి? ఆ యుద్ధమున బ్రిటిషు వర్తకనౌకలలో మడిసిన నావికులును సుమారు 30,000 మందియే. అందు వేలకొలది భారతీయులు. ‘లస్కర్లు’ అనబడు కూలినావికులు. వారు పోరాడుటకు పోలేదు. బొగ్గు వేయుటకు, వంట చేయుటకు, జీతమునకై పోయినవారు.

చిత్రమున ఒక్కచోట మాత్రము వారివంటివారు కనబడుదురు. టార్పీడో తగిలిన నూనె ఓడ రాత్రియంతయు మండుచుండును. దానిపై ఇంకను మనుష్యులున్నారని ఎవ్వరు నెరుగరు. మరల కొట్టగా వారు మంటలతో సముద్రమున దుమికి, సాయము కోరుచు నావవైపు ఈదుదురు. ఎక్కించుకొనుటకు చోటు లేదు. కెప్టెను నావను వెనుకకు నడుపుడని ఆజ్ఞాపించును. ఎవ్వరును మాటాడరు. ఈ ఘట్టమును ఏ పాఠమునను తొలగింపలేదు; అది దర్శకుని సద్బుద్ధి. అందాక నావవారి పక్షమున నున్న మన మనస్సు అచ్చట ఒక్కసారి తల వంచుకొనును.

అవకాశమున్నవారు మొదట నడిమి పాఠమును చూచుట మేలు. కథయు, మనుష్యులును అందు తగినంత దొరకుదురు. నచ్చినచో పెద్ద పాఠమును రెండు మూడు దినములు పంచుకొని చూడవచ్చును. చిన్నది, ఆనాడు లోకము దేనిని చూచి మెచ్చెనో తెలిసికొనుటకు పనికివచ్చును. సైన్యమున చేర నుత్సహించు పిల్లలు ఇంటనున్నచో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూచి, నూనె ఓడ ఘట్టము ముగిసిన పిమ్మట వారేమనుకొనిరో యడుగుడు. వారు చెప్పునది విన్న తరువాతనే పెద్దలు తమ మాట చెప్పుట మంచిది.