ముడి మందు నుంచి సొంత మందు దాకా: ఒక పారిశ్రామిక కెమిస్టు ప్రయాణం

2002 జులైలో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ కంపెనీ ఒక మధుమేహ మందుపై జరుగుతున్న పరీక్షలను ఆపేసింది. ఆ మందు పేరు రాగాగ్లిటజార్. అప్పటికే మనుషుల్లో మూడో దశ పరీక్షలకు చేరింది. అయితే ఇదే మందు ఇచ్చిన ఎలుకలు, చిట్టెలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. పరీక్షలు ఆగిపోయాయి.

ఔషధ పరిశోధనలో ఇలాంటి వార్తలు కొత్తేమీ కాదు. ఈ వార్త మాత్రం హైదరాబాద్‌కు గట్టి దెబ్బ. ఆ అణువు పుట్టింది ఇక్కడి డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో. మన దగ్గర కనుగొన్న అణువును ఒక విదేశీ కంపెనీ లైసెన్సు తీసుకుని మూడో దశ దాకా నడిపించడం అప్పటికి చాలా అరుదు.

ఆ పరిశోధన సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డిని చాలామంది పారిశ్రామికవేత్తగానే గుర్తుపెట్టుకుంటారు. ఆయన చదువు, మొదటి ఉద్యోగం, తర్వాత చేసిన పని అన్నీ కెమిస్ట్రీ చుట్టూ తిరిగినవే. మందుల పరిశ్రమలో కెమిస్టు అసలు ఏం చేస్తాడు, ఆ పనిలో ఎక్కడ గెలుస్తాడు, ఎక్కడ ఓడిపోతాడు అని తెలుసుకోవాలంటే ఆయన ప్రయాణం మంచి ఉదాహరణ.

తాడేపల్లి నుంచి ఐడీపీఎల్‌కు

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుటుంబం ఆయనది. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో బీఎస్సీ అయ్యాక బొంబాయి యూడీసీటీలో ఫార్మాస్యూటికల్స్, ఫైన్ కెమికల్స్ చదివారు. తర్వాత పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొదట అణువుల గురించి, ఆ తర్వాత వాటిని టన్నుల లెక్కన తయారుచేసే యంత్రాల గురించి చదువుకున్నారు. ఈ రెండూ తెలిసినవాడే మందుల కర్మాగారంలో నిలదొక్కుకుంటాడు.

1969లో ఆయన ఐడీపీఎల్‌లో చేరారు. సోవియట్ యూనియన్ సాయంతో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్‌లో నెలకొల్పిన కృత్రిమ ఔషధాల కర్మాగారం అది. బల్క్ డ్రగ్, అంటే మాత్రలో పనిచేసే అసలు ముడి మందు, దేశంలోనే తయారుకావాలన్నది దాని ఉద్దేశం. ఆ గేటులోంచి లోపలికి వెళ్లి పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజినీర్లు తర్వాత బయటికి వచ్చి సొంత యూనిట్లు పెట్టారు. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమ అలా విస్తరించింది. అంజిరెడ్డి కూడా 1975 దాకా అక్కడ పనిచేసి, తర్వాత యూనిలాయిడ్స్‌ను, ఆపై స్టాండర్డ్ ఆర్గానిక్స్‌ను నడిపారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ మొదలుపెట్టారు.

దారి మారితే ధర మారుతుంది

వీళ్లందరికీ అవకాశం ఇచ్చింది ఒక చట్టం. 1970లో చేసి 1972లో అమల్లోకి తెచ్చిన పేటెంట్ల చట్టం ప్రకారం మన దేశంలో అప్పట్లో మందు అనే పదార్థం మీద పేటెంటు ఉండేది కాదు. తయారుచేసే విధానం మీదే ఉండేది. అంటే ఒక విదేశీ కంపెనీ మందును వేరే దారిలో తయారు చేయగలిగితే ఇక్కడ అమ్ముకునే వీలుండేది. అలా కొత్త దారి వెతకడమే భారతీయ కెమిస్టు పనయింది.

దీన్ని కాపీ కొట్టడం అని తేలిగ్గా తీసేసినవాళ్లున్నారు. లెక్క చూస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒక మందు తయారీలో ఎనిమిది దశలున్నాయనుకుందాం. ప్రతి దశలోనూ 80 శాతం దిగుబడి వస్తోంది. వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఎనిమిది దశలు దాటేసరికి చివరికి చేతికందేది 17 శాతమే. ప్రతి దశలో దిగుబడిని 90 శాతానికి పెంచితే చివరికి 43 శాతం వస్తుంది. అదే ముడి సరుకుతో రెండున్నర రెట్ల మందు. ఎనిమిది దశలను ఐదుకు కుదించగలిగితే ఇంకా లాభం. మందుల దుకాణంలో మనం కట్టే ధర కొంతవరకు ఈ లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

డాక్టర్ రెడ్డీస్ తొలి ఉత్పత్తి మెథైల్‌డోపా. రక్తపోటుకు వాడే ఈ మందును గర్భిణులకు ఇప్పటికీ ఇస్తుంటారు. దీన్ని తయారు చేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. సాధారణ పద్ధతిలో రెండు రకాల అణువులు సమానంగా పుడతాయి. కుడి చేయి, ఎడమ చేయి లాగా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. రక్తపోటు తగ్గించేది వాటిలో ఒకటే. రెండోదాన్ని వేరుచేయాలి, పారేయకుండా తిరిగి వాడుకునే మార్గమూ చూడాలి. లేకపోతే సగం సరుకు వృథా. ఈ మందును కంపెనీ 1986 నాటికే ఎగుమతి చేసింది. 1987లో దాని ఐబుప్రొఫెన్ ముడి మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం దొరికింది.

ఫ్లాస్కులో అయింది రియాక్టర్‌లో అవుతుందా?

నేను చదివింది ఫిజిక్స్. మందుల తయారీ గురించి రాయడం మొదలుపెట్టాక నాకు ముందుగా అర్థమైన సంగతి, అక్కడి పెద్ద సమస్య కూడా మా సబ్జెక్టుదే అని! ఒక లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను అదే ఆకారంలో ఉన్న వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో చేస్తున్నామనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు పది రెట్లు పెరుగుతాయి. లోపలి ద్రవం వెయ్యి రెట్లవుతుంది. వేడి బయటికి పోవాల్సిన గోడ మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి లీటరుకూ దొరికే గోడ పదో వంతుకు పడిపోతుంది.

వేడిని పుట్టించే చర్యలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. వేడి పోకపోతే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మరింత వేడి పుడుతుంది. అందుకే ప్రయోగశాలలో ఒక్కసారిగా పోసేసే రసాయనాన్ని ప్లాంటులో గంటల తరబడి కొంచెం కొంచెంగా వదులుతారు. మధ్యలో పైలట్ ప్లాంటు అనే మెట్టు పెట్టుకునేదీ ఇందుకే. పటాన్‌చెరు, పరవాడ వంటి చోట్ల నుంచి ప్రమాద వార్తలు వస్తూనే ఉంటాయి. అన్నిటికీ కారణం ఒకటే కాదు. అయినా చర్య ఎంత వేడిని పుట్టిస్తుందో ముందే కొలిచి, ప్లాంటులో పనిచేసేవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత కెమిస్టుదే.

వెయ్యిలో ఒక వంతు

సరుకు తయారైంది. ఇప్పుడు దానిలో ఇంకేం కలిసిందో చూడాలి. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్‌ను మనలో చాలామంది వాడే ఉంటాం. దాని తయారీలో చివర్లో గంధకం పరమాణువుకు ఒకే ఒక్క ఆక్సిజన్‌ను జోడించాలి. చర్య కాస్త ఎక్కువసేపు నడిస్తే రెండో ఆక్సిజన్ కూడా చేరుతుంది. అప్పుడు అది ఒమెప్రజోల్ కాదు, మలినం. అసలు మందుకు దగ్గర పోలికలున్న ఆ మలినాన్ని తర్వాత వేరుచేయడం కష్టం. అందుకే ఎక్కడ ఆపాలో తెలియడం ముఖ్యం. నియంత్రణ సంస్థల లెక్కలో సాధారణంగా 0.1 శాతం దాటిన మలినం ఏదైనా అది ఏమిటో కెమిస్టు గుర్తించి చూపాలి. వెయ్యిలో ఒక వంతు అన్నమాట.

దారి మార్చడం లాభమే, కానీ కొత్త దారిలో కొత్త మలినాలు పుడతాయి. 2018లో ఇది ప్రపంచమంతా చూసింది. రక్తపోటుకు వాడే వల్సార్టన్ తయారీలో చైనాకు చెందిన ఒక ఉత్పత్తిదారు అంతకు కొన్నేళ్ల ముందే విధానం మార్చాడు. కొత్త ద్రావణి, చివర్లో వాడిన నైట్రైట్ కలిసి ఎన్‌డీఎంఏ అనే పదార్థాన్ని పుట్టించాయి. క్యాన్సర్ కలిగించగలదని అనుమానించే పదార్థమది. అలాంటిది ఉండొచ్చని ఎవరూ వెతకలేదు కాబట్టి ఏళ్ల తరబడి కనిపించలేదు. చివరికి ఎన్నో దేశాల్లో ఆ మాత్రలను వెనక్కి పిలిపించారు.

మాత్ర వెనక మిగిలేది

కిలో మందు తయారుచేస్తే ఎంత వ్యర్థం మిగులుతుంది? రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ఈ లెక్క వేసి చూపారు. మందుల పరిశ్రమలో కిలోకు 25 నుంచి 100 కిలోలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. పెట్రోలు శుద్ధి చేసే చోట అది పదో వంతు కిలో. మన ఊళ్లలో మందుల కంపెనీల చుట్టూ చెరువులు, బోర్లు పాడయ్యాయన్న గోడుకు మూలం ఇక్కడుంది.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. దాదాపు 90 తయారీ సంస్థల వ్యర్థ జలాలు అక్కడికి వచ్చేవి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే అది ఎక్కువ. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? చౌకగా మందు చేశామన్న గొప్పతో పాటు ఈ లెక్కనూ ఒప్పుకోవాలి.

దీనికీ కెమిస్టు దగ్గర మార్గం ఉంది. ఐబుప్రొఫెన్ పాత విధానంలో ఆరు దశలుండేవి. లెక్క ప్రకారం వాడిన పదార్థాల బరువులో 40 శాతమే మందులోకి చేరేది. ఉత్ప్రేరకాలతో నడిచే మూడు దశల కొత్త విధానం 1992లో అమెరికాలోని టెక్సస్‌లో మొదలైంది. అందులో 77 శాతం చేరుతుంది. వ్యర్థాన్ని శుద్ధి చేయడం కంటే పుట్టకుండా చూడటం మేలని ఇది చూపించింది.

సొంత అణువు కోసం

1990ల మొదట్లోనే ఒక సంగతి స్పష్టమైంది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం వస్తోంది, దాంతో మందు మీదే పేటెంటు తిరిగొస్తుంది. 2005 జనవరి 1 నుంచి అలాగే జరిగింది. ఇతరుల అణువుకు కొత్త దారి వెతికే పని ఒక్కటే ఇక సరిపోదు. 1993లో అంజిరెడ్డి రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించారు.

ఆ బృందం దృష్టి మధుమేహం మీద పడింది. టైప్-2 మధుమేహంలో శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. కణాల్లో పీపీఏఆర్ గామా అనే గ్రాహకాన్ని తట్టి లేపితే ఇన్సులిన్ ప్రభావం మెరుగవుతుంది. దాని సోదర గ్రాహకం ఆల్ఫాను తట్టితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. మొదటి పని చేసే బాలాగ్లిటజోన్‌ను నోవో నార్డిస్క్ 1997లో లైసెన్సు తీసుకుంది. రెండు పనులూ చేసే రాగాగ్లిటజార్‌ను 1998లో తీసుకుంది. చక్కెరతో పాటు కొవ్వులూ పెరిగే రోగులు మన దేశంలో ఎక్కువ కాబట్టి రెండోదాని మీద ఆశలు పెద్దవి.

2001లో డిప్రెషన్‌కు వాడే ఫ్లూవాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ను 180 రోజుల పాటు వేరే జెనరిక్ పోటీ లేకుండా అమెరికాలో అమ్ముకునే హక్కు కంపెనీకి దక్కింది. భారతీయ కంపెనీకి అలాంటి హక్కు రావడం అదే మొదలు. పాత విద్యలో అది శిఖరం. ఆ మరుసటి ఏడాదే కొత్త విద్యలో దెబ్బ తగిలింది.

రాగాగ్లిటజార్ ఒక్కటే కాదు, తర్వాతి ఏళ్లలో పెద్ద విదేశీ కంపెనీల మురాగ్లిటజార్, టెసాగ్లిటజార్ కూడా భద్రతా సమస్యలతో ఆగిపోయాయి. ఈ తరగతి మందులను మనుషుల్లో దీర్ఘకాలం పరీక్షించే ముందు జంతువుల్లో రెండేళ్ల క్యాన్సర్ పరీక్షలు పూర్తి చేయాలని అమెరికా నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. కొత్త దారి తప్పయితే సరుకు పోతుంది, మళ్లీ మొదలుపెట్టొచ్చు. కొత్త అణువు తప్పయితే పదేళ్ల పని పోతుంది. తెలిసిన అణువుకు దారి వెతకడానికీ, తెలియని అణువును నమ్ముకోవడానికీ ఉన్న తేడా అదే.

మిగిలిన సగం

అంజిరెడ్డి 2013 మార్చి 15న కన్నుమూశారు. అదే ఏడాది జూన్‌లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ రూపొందించిన సారోగ్లిటజార్‌కు మన దేశంలో ఆమోదం వచ్చింది. మధుమేహంతో పాటు రక్తంలో కొవ్వులు పెరిగినవారికి ఇచ్చే మందు అది. ఇది కూడా రెండు గ్రాహకాలనూ తట్టే గ్లిటజారే.

రెండు అణువుల బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చివర తేడా ఉంది. రాగాగ్లిటజార్‌లో అక్కడ మూడు వలయాల ఫినాక్సజీన్ ఉంటే, సారోగ్లిటజార్‌లో పైరోల్ వలయం ఉంది. రెండో చివరన ఉన్న ఇథాక్సీ ప్రొపనోయిక్ ఆమ్లం, దానికి అతుక్కున్న బెంజీన్ వలయం, అక్కడి నుంచి ఇథాక్సీ వంతెన, ఇవన్నీ రెండింటిలో ఒకటే. హైదరాబాద్‌లో ఆగిపోయిన మందులో సగభాగం, అహ్మదాబాద్‌లో ఆమోదం పొందిన మందులో ఉంది.

ఏటా వేలమంది తెలుగు విద్యార్థులు ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి మందుల కంపెనీల్లో చేరుతున్నారు. వాళ్లలో ఎక్కువమందికి దొరికేది ఒక దశ దిగుబడిని 82 నుంచి 86కు పెంచే పని, ఒక మలినాన్ని 0.2 నుంచి 0.1 శాతానికి తగ్గించే పని. వాళ్ల పేరు మాత్రల పట్టీ మీద ఎక్కడా ఉండదు. అయితే నెలనెలా బీపీ మాత్రలు కొనుక్కునే ఇంటికి ఆ నాలుగు శాతం విలువ బాగా తెలుసు.